ఆదిభట్ల నారాయణదాసుగారు

హరికథ యనగానే తెలుగుపెద్దల నోట వెలువడు మొదటి పేరు ఆదిభట్ల నారాయణదాసుగారిది. మన పాఠశాల పిల్లలలో ఆ పేరు విన్నవారు కొద్దిమందియే యుందురు. హరికథ చూచినవారు అంతకంటెను తక్కువ. ఇందుకు పిల్లలను తప్పుపట్టవలసిన పనిలేదు. దాసుగారు పుట్టినది బొబ్బిలి ప్రాంతమున, పేరు గడించినది విజయనగరమున, మనమున్నది కంచన్‌బాగ్‌లో. ఆ సీమకును ఈ నగరమునకును నడుమ రైలుబండి రాత్రియంతయు పరుగెత్తవలసిన దూరమున్నది. అయినను వారి జీవితమును మన పత్రికలో వ్రాయుటకు నాకొక కారణము కలదు. పదవ తరగతి రాగానే డ్రిల్లు పీరియడును, సంగీతపు పీరియడును తీసివేసి గణితమునకు ఇయ్యుడని కోరు తల్లిదండ్రులు ప్రతి పాఠశాలలోను ఉన్నారు. పాటకు ఒంటి బలముతో ఏమి పని, చదువునకు పాటతో ఏమి పని యని వారి ఊహ. ఈ మూటిని విడదీయక ఎనుబదియేండ్లు బ్రతికిన మనుష్యుని చరిత్ర వారును చదువుట మంచిది.

దాసుగారు 1864వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన అజ్జాడ యను గ్రామమున జన్మించిరి. తండ్రి వెంకటచయనులుగారు, తల్లి లక్ష్మీనరసమ్మగారు. పెట్టిన పేరు సూర్యనారాయణ. నారాయణదాసు యను పేరు తరువాత వచ్చినది. ఇంట పాండిత్యముండెను గాని ధనము లేదు. పిల్లవానిని బడికి పంపుటకు స్తోమత చాలక, తల్లి చెప్పు పురాణకథలే అతనికి మొదటి పాఠములయ్యెను. పోతనగారి భాగవత పద్యములు విని విని కంఠస్థమయ్యెను. అయిదేండ్ల ప్రాయమున ఒక పుస్తకాల అంగడి ముందు నిలిచి భాగవతము కొని పెట్టుమని మారాము చేయగా, ఇంత చిన్నవాడు దానితో ఏమి చేయునని అంగడివాడు నవ్వెననియు, బాలుడు వరుసగా పద్యములు చదువగా ఆ గ్రంథమును ఊరకే ఇచ్చి, చేతిలో కొంత సొమ్ము కూడ పెట్టెననియు చెప్పుదురు. ఇట్టి కథలు గొప్పవారి బాల్యమును గూర్చి తరచుగా పుట్టుచుండును. ఇది యెంతవరకు జరిగినదో గాని, ఆ ఇంటిలో పుస్తకము అపురూపమైన వస్తువనుట నిజము.

పిల్లవాని కంఠమును చూచి అమ్మమ్మగారు అతనిని బొబ్బిలికి తీసికొనిపోయి, బంధువగు వాసా సాంబయ్యగారికి అప్పగించిరి. సాంబయ్యగారు వీణావిద్వాంసులు. అచట స్వరజ్ఞానము కలిగెను, వ్రేళ్ళకు తంత్రులు పరిచయమయ్యెను. తరువాత విజయనగరమున అన్నగారి యొద్ద చేరి ఇంగ్లీషు బడిలో ప్రవేశించిరి. తోడి పిల్లలకంటె వయస్సున పెద్దవాడు, ఇంగ్లీషు అక్షరములకు క్రొత్తవాడు; అయినను మెట్రిక్యులేషన్ వరకు చదివిరి. ఆ దినములలో మెట్రిక్యులేషన్ అనగా కచ్చేరీ ఉద్యోగమునకు తలుపు తెరచినట్లే. బీద బ్రాహ్మణ కుటుంబమున ఒక కుమారుడు అంతవరకు వచ్చినచో ఇంటివారందరి ఆశలును అతనిపైననే యుండును.

ఆ తలుపు ముందు నిలిచియున్న కాలముననే, 1883లో, కుప్పుస్వామి నాయుడుగారను భాగవతులు మద్రాసు నుండి విజయనగరము వచ్చి హరికథ చెప్పిరి. పందొమ్మిదేండ్ల నారాయణదాసు దానిని చూచెను. పాట తెలియును, పద్యము తెలియును, కథ తెలియును. ఈ మూటిని ఒక్క మనుష్యుడు ఒక్క వేదికపై నిలిచి కలుపగలడని మాత్రము అంతవరకు అతనికి తోచలేదు. కొలది దినములలోనే ధ్రువచరిత్రమును తానే రచించి, తానే పాడి, తానే ఆడి విజయనగరములో చెప్పెను. కవి, గాయకుడు, నటుడు ముగ్గురు నొకడే యయ్యెను. ఇంటివారు ఆశించిన కచ్చేరీ ఉద్యోగము అంతటితో వెనుకబడెను. జీతమునకు భరోసా లేని ఆ వృత్తిని పట్టుట ఆనాడు తెలివితక్కువయని అనుకొనినవారు లేకపోలేదు. నేను ఉపాధ్యాయుడను, నా విద్యార్థి యెవడైన నిట్లు చేయబోయినచో నేనును వారించియుందును. కనుక వారించినవారిని నేను నిందింపను.

హరికథకునకు ఏమేమి కావలయునో ఇచట చెప్పనిదే దాసుగారి గొప్పతనము బోధపడదు. వేదికపై కథకుడు ఒక్కడే నిలిచియుండును. వెనుక మృదంగము, ఫిడేలు ఉండును. కాళ్ళకు గజ్జెలు, చేత చిరుతలు, మెడలో పూలదండ, నడుమునకు బిగించిన పట్టువస్త్రము. రాత్రి భోజనములైన పిమ్మట మొదలైన కథ మూడు నాలుగు గంటలు సాగును. ఒకప్పుడు తెల్లవారినను తెల్లవారును. అంతసేపును కూర్చుండుటకు వీలు లేదు. కీర్తన పాడుచు అడుగు వేయవలెను. అడుగు నిలిపి వచనము చెప్పవలెను. రాజుగా గర్జించి, మరుక్షణమున తల్లియై విలపింపవలెను. నడుమ పిట్టకథ చెప్పి నవ్వించి, మరల విడిచిన రాగమును విడిచిన స్థాయిలోనే అందుకొనవలెను. దాసుగారు కీర్తి గడించిన తొలినాళ్ళలో ధ్వనివర్ధకములు లేవు. వేలకొలది జనములో చివరి వరుసవాడు వినవలెనన్నచో కథకుని ఊపిరియే ఆధారము. గొంతు చించుకొని అరచినచో రెండు కథలకే కంఠము పోవును. కడుపులోనుండి ఊపిరిని నిలిపి, అవసరమైనంత మాత్రమే విడుచు అభ్యాసమున్నవాడే నిలువగలడు. పిక్కలలో సత్తువ, వెన్నున నిటారుతనము, రొమ్మున విశాలత లేనివానికి ఈ విద్య దక్కదు. దాసుగారు దృఢమైన దేహము, మెలిదిరిగిన మీసములు కలిగి, వేదికపై నిలువగనే సభను ఆకట్టుకొనిరని వారిని చూచినవారందరును ఏకగ్రీవముగా చెప్పిరి. ఆ దేహమును వారు వరముగా వచ్చినదని వదలివేయలేదు. పనిముట్టును పదును పెట్టుకొనునట్లు కాపాడుకొనిరి. ఆరోగ్యమును, వైద్యమును విషయముగా గొని మన్కిమిన్కు అను గ్రంథమునే అచ్చతెలుగున వ్రాసిరి. పాటగాడు వైద్యగ్రంథము వ్రాయుట యేమి యని అడుగువారికి వారి వృత్తియే సమాధానము.

వారికి లయబ్రహ్మ యని బిరుదు వచ్చినది పంచముఖి వలన. రెండు పాదములు, రెండు చేతులు, శిరస్సు, ఈ ఐదింటితో వేర్వేరు తాళములు చూపుచు పల్లవి పాడుటకు పంచముఖి యని పేరు. దీనిని మాటలలో చెప్పిన పిల్లలకు నమ్మకము కుదరదు గనుక ఒక పరీక్ష చెప్పెదను. ఎడమచేతితో మూడు దెబ్బల వరుసయు, కుడిచేతితో నాలుగు దెబ్బల వరుసయు ఒకే వేగమున బల్లపై కొట్టుచు, ప్రతి వరుసలోని మొదటి దెబ్బను మాత్రము గట్టిగా కొట్టుడు. రెండు గట్టి దెబ్బలును మరల పండ్రెండు దెబ్బలు గడచిన పిమ్మట గాని కలిసికొనవు. చాలామందికి రెండవ వరుసలోనే చేతులు తడబడి ఒకదానివెంట ఒకటి పోవును. ఇక మన సంగీతశాస్త్రమున చెప్పిన ఐదు జాతులను తీసికొనుడు: తిస్రమునకు మూడు, చతురస్రమునకు నాలుగు, ఖండమునకు ఐదు, మిశ్రమునకు ఏడు, సంకీర్ణమునకు తొమ్మిది. ఈ ఐదింటిని ఒక్కసారి మొదలిడినచో అవి అన్నియు మరల కలిసికొనుటకు 1260 దెబ్బలు కావలెను. మన ఎనిమిదవ తరగతివారు కనిష్ఠ సామాన్య గుణిజము కట్టి సరిచూచుకొనవచ్చును. దాసుగారు ఏ సభలో ఏ తాళములను ఎంచుకొనిరో గాని, ఇట్టి లెక్కను కాగితము లేక, నోట పాట ఆపక, శరీరములోని ఐదు చోట్ల ఒక్కసారి నడిపించుట ఎట్టి సాధనయో ఈ యంకె చెప్పును. గణితమునకును, సంగీతమునకును, వ్యాయామమునకును వేర్వేరు పీరియడ్లు మనము పెట్టుకొన్నవి.

విజయనగరము ఆ కాలమున చిత్రమైన పట్టణము. ఆనంద గజపతి మహారాజుగారి ఆస్థానమున పండితులు, గాయకులు, నటులు నిండియుండిరి. కన్యాశుల్కము వ్రాసిన గురజాడ అప్పారావుగారు అచటనే యుండిరి. కొంత తరువాత కోడి రామమూర్తి నాయుడుగారు సైదాపేటలో శిక్షణ పొంది, విజయనగరపు పాఠశాలలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసి, పిమ్మట సర్కసులో ఇనుప గొలుసులు త్రెంపి, ఏనుగును రొమ్ముపై నిలిపి దేశమంతట పేరుపొందిరి. ఒక్క ఊరిలో కండబలమునకును, కావ్యమునకును, కంఠమునకును సమానమైన మన్నన లభించినది. దాసుగారి వంటివారు అచట తలయెత్తుట ఆశ్చర్యము కాదు. విజయనగరము నుండి వారు మద్రాసు, మైసూరు మొదలగు చోట్లకు పోయి కథలు చెప్పిరి. తెలుగు రాని సభలలో సంస్కృతమున చెప్పిరి. ప్రహ్లాద చరిత్రము, అంబరీష చరిత్రము, గజేంద్ర మోక్షము, రుక్మిణీ కల్యాణము, భీష్మ చరిత్రము, సావిత్రీ చరిత్రము, యథార్థ రామాయణము మొదలగునవి వారి రచనలు. తొంబది రాగములను కూర్చి దశవిధ రాగ నవతి కుసుమ మంజరి యను ఒక రచన చేసిరి. దానిని పాడుటకు పూనుకొనిన పిమ్మట గాని దాని కష్టము తెలియదని సంగీతజ్ఞులందురు.

మన కంచన్‌బాగ్ పిల్లలకు ప్రత్యేకముగా చెప్పవలసినది వారి భాషాభ్యాసమును గూర్చి. ఈ పేటలో ఇల్లు దాటగానే ఉర్దూ వినబడును. మన వీధుల పేర్లలోను, అంగడి బేరములలోను పారసీక పదములు దొర్లుచుండును. బాగ్ అను మాటయే పారసీకము. అట్టి వాతావరణము లేని బొబ్బిలి సీమలో పుట్టి, దాసుగారు సంస్కృతము, ఇంగ్లీషులతో పాటు పారసీకము, అరబ్బీ నేర్చుకొనిరి. ఉమర్ ఖయ్యాము రుబాయతులను చాలామంది ఫిట్జిరాల్డు ఇంగ్లీషు ద్వారానే ఎరుగుదురు. దాసుగారు ఇంగ్లీషును చూచిరి, మూలమైన పారసీకమును చూచిరి, రెంటిని సంస్కృతమునకును అచ్చతెలుగునకును తెచ్చి 1932లో ప్రకటించిరి. నవరస తరంగిణిలో కాళిదాసును, షేక్స్పియరును ప్రక్క ప్రక్కన నిలిపి, ఒక్కొక్క రసమునకు వారి వారి ఘట్టములను ఎంచి తెలుగు చేసిరి. పరదేశపు కవి మనవాడు కాడని వారు అనుకొనలేదు. మనవాడు తక్కువవాడనియు అనుకొనలేదు.

సంస్కృతమున కావ్యము వ్రాయగలిగి యుండియు, సంస్కృత పదము చొరని అచ్చతెలుగునందు వారికి మక్కువ మెండు. లలితా సహస్రనామములను తల్లివిన్కి యను పేర తెలుగు చేసిరి. అచ్చతెలుగు మాటలను ప్రోగుచేసి సీమపల్కువహి యను నిఘంటువు కూర్చిరి. ఈ విషయమున మాత్రము నేను వారిని పూర్తిగా అనుసరింపలేను. ఆ రచనలలో కొన్ని పుటలు నేటివారికి సంస్కృతముకంటె కఠినముగా నున్నవి. అయినను నాలుగు వాక్యములలో నలుబది ఇంగ్లీషు మాటలు వేయనిదే మాటాడలేని మనకు ఆ పట్టుదల కొంత సిగ్గు కలిగింపవలెను.

దాసుగారికి తమ విద్యపై గర్వముండెను. తమ్ము తామే పొగడుకొనుటకు వెనుకాడినవారు కారు. నాయెఱుక యని తమ జీవితపు తొలి భాగమును తామే వ్రాసికొనిరి; అది వారి మరణానంతరము అచ్చయినది. అందు యౌవనపు చెడు తిరుగుళ్ళను, దురభ్యాసములను దాచక చెప్పిరి. మన క్రైస్తవ కుటుంబములలో వినయమును మొదటి గుణముగా నెంచుదుము గనుక ఆ గర్వము మనకు రుచింపదు. తప్పును తప్పుగా బయటపెట్టుకొనిన ఆ ధైర్యము మాత్రము మన సాక్ష్యములలో కూడ ఎల్లప్పుడును కనబడదు. ఇచట మరియొక మాట. తెలుగు క్రైస్తవులు గ్రామసభలలో క్రీస్తు జననమును, తప్పిపోయిన కుమారుని కథను చిరుతలు పట్టి, తాళము వేసి హరికథగా చెప్పుకొనుట మన పెద్దలు ఎరిగినదే. దాసుగారు నమ్మిన దేవుడు వేరు, కొలిచిన తీరు వేరు. కాని వారి చేతిలో నిండుదనము పొందిన ఆ మూస మన సువార్తకును ఉపకరించినది.

ఇక వారి ఉపాధ్యాయత్వము. 1919లో విజయనగర ప్రభువగు పూసపాటి విజయరామ గజపతిగారు సంగీతమునకై ఒక పాఠశాల నెలకొల్పిరి. సంస్థానోద్యోగియగు చాగంటి జోగారావుగారి కుమారుడు గంగరాజు అంధుడనియు, సంగీతమున ఆసక్తి కలవాడనియు విని, ఆ ఒక్క బాలునికి మాత్రమేకాక అట్టివారందరికి ఉపయోగపడునట్లు రాజుగారు ఈ యేర్పాటు చేసిరని చెప్పుదురు. దానికి మొదటి అధ్యక్షులు నారాయణదాసుగారు. అప్పటికి వారికి ఏబదియైదేండ్లు. అంతవరకు సంగీతము నేర్వగోరువాడు గురువుగారి ఇంట చేరి, నీళ్ళు తోడి, పశువులను కాచి, గురువుగారి చిత్తము కుదిరిన దినమున ఒక వర్ణము నేర్చుకొనవలసియుండెను. కులము, బంధుత్వము కూడ అడ్డువచ్చుచుండెను. ఇప్పుడు గంట కొట్టిన వేళకు తరగతి, తరగతికి పాఠ్యక్రమము, ఏడాదికి పరీక్ష వచ్చెను. స్వేచ్ఛగా రాత్రులు కథలు చెప్పుచు తిరిగిన మనుష్యునికి హాజరుపట్టీ చేతికిచ్చినట్లయ్యెను. అయినను పదునేడేండ్లు ఆ భారము మోసిరి.

ఆ తొలి సంవత్సరముననే ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఫిడేలు అధ్యాపకులుగా చేరిరి. అప్పటికి వారి వయస్సు ఇరువదియారు, కంటిచూపు మందము. ఫిడేలు ఐరోపా నుండి వచ్చిన వాద్యము. దానిని మన రాగములకు లొంగదీసి, ప్రక్కవాద్యముగా కూర్చుండిన దానిని ఏకవాద్యపు కచేరీకి అర్హమని చూపినవారిలో ద్వారంవారు ముఖ్యులు. అధ్యక్షుడు గాత్రమునకు, వీణకు అలవాటుపడినవాడు. అధ్యాపకుడు ఫిడేలు పట్టిన యువకుడు. తమకంటె ముప్పదియేండ్లు చిన్నవానిని, పరదేశపు వాద్యముతో వచ్చినవానిని ప్రక్కన నిలుపుకొని పెరుగనిచ్చుట వారి గర్వమునకు అడ్డు కాలేదు. 1936లో దాసుగారు విరమింపగా, ఆ స్థానము ద్వారంవారికే వచ్చెను. ఉపాధ్యాయుల విలువను వారు తయారు చేసిన శిష్యులను బట్టి ఎంచుట వాడుక. తమ తరువాత ఆ కుర్చీలో ఎవరు కూర్చుండిరో చూచి కూడ ఎంచవచ్చునని నాకు తోచును.

విరమించునప్పటికి దాసుగారికి డెబ్బదిరెండేండ్లు. ఆ పిమ్మట ఎనిమిదేండ్లకు పైగా జీవించి, 1945 జనవరి 2వ తేదీన కాలము చేసిరి. పందొమ్మిదవ యేట మొదలిడిన ధ్రువచరిత్రము మొదలు, వారు వదలిపోయిన హరికథలు నేటికిని భాగవతుల నోళ్ళలో నున్నవి. తూర్పుగోదావరి సీమలోని కపిలేశ్వరపురమున హరికథకై ప్రత్యేకముగా ఒక పాఠశాల వెలసి, బాలికలు కూడ చిరుతలు పట్టి నేర్చుకొనిరి. విజయనగరపు సంగీత పాఠశాల కాలక్రమమున ప్రభుత్వ కళాశాలయై, గాత్రము, వీణ, ఫిడేలు, మృదంగములతో పాటు నాట్యమును కూడ చేర్చుకొన్నది. సెలవులలో ఆ ప్రక్కకు పోవు మన విద్యార్థులు కోట దగ్గర దాని జాడ అడిగినచో ఎవరైనను చూపెదరు.